పోయిన వుంగరం, తప్పిన లెక్క

పోయిన దీపావళికి ముందు మా యింట్లో ఒక వుంగరం పోయింది. అర తులం వుంటుందేమో. అది మా అత్తగారు పెళ్ళినాడు మా ఆవిడ వేలికి తొడిగిన వుంగరం; కనుక దాని బరువు అర తులమే అని నేనంటే మా యింట్లో ఒప్పుకొనేవారు లేరు. "బంగారం ధర కోసం కాదండి నా ఏడుపు. మా అమ్మ చేతిది," అంటూ మా ఆవిడ మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. దొంగతనాన్ని గురించి తేలికగా మాట్లాడే హక్కు సొమ్ము పోనివాడికి లేదు. మాది పోయింది కనుక నేను నాలుగు మాటలు మాట్లాడవచ్చుననుకొంటాను.

పిండి కలుపుతూ వుంగరం తీసి, అద్దం గూట్లో, కుంకుమ భరిణె పక్కన పెట్టిందట. సాయంకాలానికి భరిణె వుంది, వుంగరం లేదు.

ఆ రోజు మా యింటికి వచ్చిపోయినవారు అయిదుగురు. పాలు పోసే మనిషి ఒకడు. గ్యాసు బండ తెచ్చిన కుర్రవాడు ఒకడు. రెండు రోజులుగా మా యింట్లోనే మకాం వున్న మా బావమరది కొడుకు ఒకడు. పొద్దున్నే పేపరు చూడటానికి వచ్చే పక్కింటి పెద్దమనిషి ఒకరు. అయిదోవాడు నా శిష్యుడు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వూరికి దగ్గరలోని ఒక తండా పిల్లవాడు. నా దగ్గర నిఘంటువు తీసుకుపోదామని వచ్చి, లోపల పది నిమిషాలు కూర్చొని, మా ఆవిడ యిచ్చిన చాయ్ తాగి వెళ్ళాడు.

ఈ అయిదుగురిలో దొంగను తేల్చటానికి మా వీధికి పట్టిన కాలం అరగంట. ఎవరిని తేల్చారో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. చెప్పనక్కరలేకపోవటమే నేనీ వ్యాసం రాయటానికి కారణం.

మా పక్కింటి పెద్దమనిషి పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబులుగా చేసి రిటైరయినవారు. వీధిలో అందరం ఆయన్ని హెడ్ సాబ్ అంటాం. మంచి మనిషి. నడిరాత్రి యెవరి యింట్లో పిల్లకు జ్వరం వచ్చినా మోటారు సైకిలు బయటికి తీసేది ఆయనే. "మీరు ఊకోండ్రి లెక్చరర్ సాబ్. ముప్ఫయేండ్ల సర్వీసు నాది. నాకు తెల్వదా?" అన్నారు. మర్నాడు సాయంకాలం కాలేజీ వదిలాక ఆ పిల్లవాడు నాతోపాటే నడిచి వస్తుంటే వీధి మలుపులో ఆపి అడిగారు. తిట్టలేదు, బెదిరించలేదు. "బిడ్డా, సార్ ఇంట్ల ఉంగరం గిట్ల ఏమన్న జూసినవా?" అన్నారు. అంతే. పిల్లవాడు తల వంచుకొని, "చూడలే సార్," అన్నాడు. నేను మూడడుగుల దూరంలో నిలబడి వున్నాను. గొంతు సవరించుకొన్నాను. మాట మాత్రం పైకి రాలేదు.

"చూసిండ్రా? తలకాయ దించిండు," అన్నారు హెడ్ సాబ్, పిల్లవాడు వెళ్ళిపోయాక. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకొన్నాడని మనకు సామెత వుంది. కాని తాత నాటి నుంచీ అడిగించుకొంటున్న యింటి పిల్లవాడు అడగకముందే తల వంచుతాడన్న సంగతి ఆ సామెత చెప్పదు.

తరువాత ఆ పిల్లవాడు మా యింటికి రాలేదు. నిఘంటువు యింకొక విద్యార్థి చేత పంపించాడు. దాని అట్ట చిరిగి వుండేది. కొత్త అట్ట వేసి మరీ పంపించాడు.

నేను నొచ్చుకొన్నానని హెడ్ సాబ్ గ్రహించారు. "నా మాట వద్దు సార్. రికార్డు సూడుండ్రి. లెక్కలు అబద్ధం జెప్తయా?" అన్నారు. ఆ ప్రశ్న నన్ను పట్టుకొని వదలలేదు. నాది తెలుగు ఎమ్మే. లెక్కలంటే చిన్నప్పటి నుంచీ భయం. అయినా సెలవుల్లో కూర్చొని, నేరాల లెక్కలు యెక్కడ పుడతాయో, యెట్లా పెరుగుతాయో చదివాను. అందులో మనబోటి సంసారులకు పనికివచ్చేది కొంత చెబుతాను.

మన దేశంలో నేరాల లెక్కలు 'క్రైమ్ ఇన్ ఇండియా' అనే పేరుతో 1953వ సంవత్సరం నుంచీ వస్తున్నాయి. 1986లో జాతీయ నేర నమోదు సంస్థ యేర్పడి ఆ పని చేపట్టింది. ఠాణాలో రాసినది జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి, అక్కడి నుంచి ఢిల్లీకి చేరుతుంది. అయితే అవి జరిగిన నేరాల లెక్కలు కావు. రాసుకొన్న నేరాల లెక్కలు. వాన కురవటం వేరు, వాన కొలిచే గిన్నెలో పడటం వేరు. గిన్నెను చూరు కింద పెట్టి చూసినవాడు ఆ యేడు కరువని రాసుకొంటాడు.

రాసుకోవటంలో కూడా పద్ధతులున్నాయి. ఒకే కేసులో హత్యా దొంగతనమూ రెండూ వుంటే పెద్ద నేరమైన హత్య ఒక్కటే లెక్కలోకి వస్తుంది. చిన్నది దాని నీడలో మాయమవుతుంది. ఇక ఠాణా గడపే తొక్కని నేరాల మాట చెప్పనక్కరలేదు. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, దెబ్బలు తిన్న, అత్యాచారాలకు గురైన స్త్రీలను అడిగి చూసింది. వారిలో నూటికి 77 మంది యెవరినీ సాయం అడగలేదు, తమ గోడు యెవరికీ చెప్పుకోనైనా లేదు. ఆ కన్నీళ్ళకు ఏ రిజిస్టరులోనూ నెంబరు లేదు.

అంతదూరం యెందుకు, మా వుంగరం సంగతే చూడండి. "ఠాణాకు పోతే నలుగురిలో నగుబాటు," అన్నది మా ఆవిడ. మేము రాయించలేదు. అందుచేత ప్రభుత్వం లెక్క ప్రకారం మా యింట్లో దొంగతనమే జరగలేదు. మా వీధి లెక్క ప్రకారమైతే దొంగ కూడా దొరికాడు!

కనుక ఒక యేడు నేరాలు పెరిగాయని పేపర్లో చదివితే గుండెలు బాదుకోనక్కరలేదు. తగ్గాయంటే సంబరపడనూ అక్కరలేదు. కేసులు పెరగటం వేరు, నేరాలు పెరగటం వేరు అని ఆ నివేదికే హెచ్చరిస్తుంది. పోలీసు కేసుగా తీసుకోదగిన నేరమైతే ఫిర్యాదు రాసుకొని తీరవలసిందేనని 2013లో సుప్రీంకోర్టు లలితాకుమారి కేసులో తీర్పు చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త నేర చట్టాలలో, ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు యివ్వవచ్చుననే వీలును చట్టంలోనే రాశారు. ఇటువంటి తలుపులు తెరిచినప్పుడు అంకె పెరుగుతుంది. అది జనానికి ధైర్యం పెరిగినందువల్ల కూడా కావచ్చు.

ఇది ఒక రకం తప్పు: రాయవలసినది రాయకపోవటం. ఇంకొక రకం తప్పు వుంది. అది ఒకరినే మళ్ళీ మళ్ళీ రాస్తూ పోవటం. హెడ్ సాబ్ చూడమన్న రికార్డు కథ అది. దానికి మొదలు మా వూరి చుట్టూ వున్న తండాలలోనే దొరుకుతుంది.

మా నారాయణఖేడ్ 1956 దాకా బీదరు జిల్లాలోని తాలూకా. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాకు వచ్చింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో వుంది. చుట్టూ లంబాడీ తండాలు. చెరకు కోతల కాలం రాగానే తండాల్లో జనం మూటాముల్లె సర్దుకొని, పిల్లలను ముసలివాళ్ళకు అప్పగించి, లారీలెక్కి కూలికి పోతారు. ఈనాడు కూలికి లారీ యెక్కే యీ జనం, ఒకనాడు ఎడ్లమీద ధాన్యమూ వుప్పూ వేసుకొని దక్కను నాలుగు మూలలా వర్తకం చేసినవారు. మొగలాయి సైన్యాలు దక్షిణాదికి దిగినప్పుడు వెంట ధాన్యం నడిపించినది వీళ్ళే. 1799లో శ్రీరంగపట్టణం ముట్టడిలో, 1803 మరాఠా యుద్ధంలో ఇంగ్లీషు సైన్యాలకు గింజలు చేరవేసినదీ వీళ్ళే. వేల ఎడ్ల బిడారు వచ్చిందంటే దండులో పొయ్యి వెలిగేది. ఇంగ్లీషువాళ్ళు వీళ్ళను 'బ్రింజారీలు' అని రాసుకొన్నారు. అప్పటి రాతల్లో వీళ్ళు దండుకు అన్నదాతలు.

తూర్పు తీరాన యిదే పని ఎరుకలవారిది. సముద్రపు వొడ్డున వుప్పు కొని, గాడిదలమీద, ఎడ్లమీద మెట్ట వూళ్ళకు తోలుకుపోయి, బదులు ధాన్యం తెచ్చేవారు. వాళ్ళ ఆడవాళ్ళు బుట్టలల్లేవారు, సోది చెప్పేవారు. ఆకాశరాజు అంతఃపురంలోకి ఎరుకలసాని వేషంలో వెళ్ళి సోది చెప్పినది సాక్షాత్తు శ్రీనివాసుడేనని మన యిళ్ళలో ముసలమ్మలు చెబుతారు కదా! దేవుడు వేసుకోదగిన వేషం అది. రాజుగారి అంతఃపురం తలుపులు ఆ గంపకు తెరుచుకొన్నాయి.

ఆ తలుపులు యెప్పుడు మూసుకొన్నాయి? 1856లో మద్రాసు రాజధానిలో మొదటి రైలు నడిచింది. 1874లో వాడీ నుంచి సికిందరాబాదుకు రైలు వచ్చింది. నెలరోజులు బిడారు మోసే సరుకును రైలు ఒక్క రోజులో దింపేసింది. వుప్పు మీద సర్కారు గుత్త అంతకుముందే వుంది. అడవి చట్టాలు వచ్చి పశువుల మేతకూ, బుట్టల వెదురుకూ అడ్డం నిలిచాయి. దానికి తోడు 1876–78 నాటి మహాకరువు. వర్తకం పోయినవాడు వూరూరా తిరుగుతూ వుంటే, నిన్నటిదాకా సరుకు కొన్న వూరే యివాళ అనుమానంగా చూసింది. మద్రాసు రాజధానిలోని యీ కథను చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన గ్రంథంలో విపులంగా చర్చించారు. కొందరు దొంగతనాలకు దిగారా అంటే, దిగారు. కడుపు కాలితే యే కులంలోనైనా కొందరు దిగుతారు. కాని ఆనాటి ప్రభుత్వం "కొందరు" అనలేదు.

1871లో నేరస్థ జాతుల చట్టం ఉత్తరాదిన వచ్చింది. 1911లో దాన్ని సవరించి మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. దాని పద్ధతి యిది: ఫలానా తెగ నేరస్థ తెగ అని సర్కారు ప్రకటిస్తుంది. ఆ ప్రకటన సరి అయినదా కాదా అని అడిగే అధికారం కోర్టుకు లేదు. తెగలోని మనుషుల పేర్లు రిజిస్టరుకు ఎక్కుతాయి; వేలిముద్రలు తీస్తారు. పిలిచినప్పుడు హాజరు పలకాలి. పొరుగూరికి పోవాలంటే చీటీ కావాలి. ఆరేళ్ళు దాటిన పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేయటానికి కూడా చట్టంలో వీలుంది. కొన్ని నేరాలకు రెండోసారి శిక్ష పడితే యేడేళ్ళకు తక్కువ కాదు. మూడోసారి పడితే యావజ్జీవ ప్రవాసం.

ఇక్కడ లెక్క యెట్లా తిరిగిందో పాఠకులు జాగ్రత్తగా గమనించాలి. జబ్బు తల్లిని చూడటానికి చీటీ లేకుండా పక్క వూరు పోయినవాడు హాజరు తప్పాడు. హాజరు తప్పటం నేరం. నేరానికి శిక్ష పడింది. శిక్ష రికార్డుకు ఎక్కింది. ఏడాది చివర రికార్డు కూడి చూస్తే ఆ తెగలో శిక్షపడినవారు మెండుగా వున్నారు. "చూశారా, వీళ్ళు పుట్టు దొంగలని మేము చెప్పలేదా?" అన్నారు. ఊళ్ళో కన్నం పడితే రిజిస్టరు వున్నవాడి గుడిసెనే ముందు సోదా చేస్తారు. రిజిస్టరు లేనివాడి మిద్దెను యెవరూ సోదా చేయరు. సోదా చేసిన చోటే కదా ఏదైనా దొరికేది! ఇట్లా లెక్క తనను తాను రుజువు చేసుకొన్నది. పరిశోధన కూడా ఆ లెక్క వెనకే నడిచింది. మద్రాసు పోలీసు అధికారి ముల్లాలీ 1892లో నేరస్థ వర్గాలను గురించి ఒక పుస్తకం వేస్తే అందులో ఎరుకలవారూ వున్నారు, లంబాడీలూ వున్నారు. ఇంగ్లీషు దండుకు అన్నం మోసి అప్పటికి నూరేళ్ళైనా కాలేదు!

ఆ చట్టం కిందనే 1913 ప్రాంతంలో బాపట్ల–చీరాల మధ్య ఎరుకలవారి కోసం ఒక సెటిల్మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్టు పేరు మీద అది స్టువర్టుపురం అయింది. నడిపినది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. అక్కడి మనుషులు పొలాల్లో పని చేశారు, చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పని చేశారు. వూరి పేరు మాత్రం పొగాకు వల్ల రాలేదు. 1991లో ఆ వూరి పేరు తగిలించి రెండు సినిమాలు వచ్చాయి. ఒకదాని పేరే 'స్టువర్టుపురం దొంగలు'. 2023లో మరొకటి వచ్చింది. మనమంతా పిల్లాపాపలతో వెళ్ళి చూశాం. ఆ వూళ్ళో పుట్టి బడికి పోతున్న పిల్లవాడు "మీదే వూరు?" అని యెవరైనా అడిగితే యేమని చెబుతాడో మనం ఆలోచించామా?

ఆలోచించినవారు లేకపోలేదు. గోరాగారి కుమారుడు లవణం, ఆయన భార్య, మహాకవి జాషువా కుమార్తె హేమలత, 1970లలో స్టువర్టుపురం వెళ్ళి అక్కడి కుటుంబాల మధ్య పని చేశారు. జైల్లో వున్నవారినీ, బయట వున్నవారినీ మనుషులుగా పలకరించారు. భూమి, పని, బడి – మందు యీ మూడేనని నమ్మారు. ఎనభై యేళ్ళు నడిచిన కఠిన చట్టం యెన్నడూ అడగని ప్రశ్న ఒకటి వాళ్ళు అడిగారు: "నువ్వు దొంగతనం మానితే రేపు పొద్దున యేం తింటావు?"

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని వేసింది. దాని అధ్యక్షుడు, తరువాత లోక్‌సభ స్పీకరైన మన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ఆ జాతులు 'విముక్త జాతులు' అయ్యాయి. దాని స్థానే రాష్ట్రాల్లో అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలు వచ్చాయి; ఆంధ్రప్రదేశ్‌ది 1962లో వచ్చింది. అందులో తెగ పేరు లేదు. పదే పదే శిక్షపడిన వ్యక్తి వున్నాడు. కాగితం మీద అది పెద్ద మార్పే. కాని చట్టం రద్దయినంత సులభంగా కన్ను రద్దు కాదు. 2024 మే నెలలో సుప్రీంకోర్టు, వెనకబడిన కులాల, దళిత, గిరిజన వర్గాల అమాయకుల పేర్లు యాంత్రికంగా పోలీసు హిస్టరీ షీట్లకు ఎక్కకుండా చూడమని రాష్ట్రాలకు చెప్పవలసి వచ్చింది. అదే యేడు అక్టోబరు 3న, పత్రికా రచయిత్రి సుకన్యా శాంత వేసిన పిటిషనులో, జైళ్ళలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలను కొట్టివేసింది. ఖైదీల రిజిస్టరులో కులం గడి తీసివేయమన్నది. చట్టం పోయిన డెబ్బయిరెండేళ్ళకు!

మా సరిహద్దు ప్రాంతంలో యింకొక వింత వుంది. ఒకే లంబాడీ కుటుంబం. తెలంగాణలో వున్న అన్న షెడ్యూల్డు తెగ; అదీ 1976 నాటి సవరణ చట్టంతో వచ్చిన హోదా. కర్ణాటకకు యిచ్చిన చెల్లెలు షెడ్యూల్డు కులం. మహారాష్ట్రలో స్థిరపడిన తమ్ముడు విముక్త జాతి. భాష ఒకటే, పాట ఒకటే, మూడు రాష్ట్రాల రిజిస్టర్లలో మూడు గడులు. గడి గీసినది మనిషే కాని మనిషి గడిలో పుట్టడు.

ఇదంతా హెడ్ సాబ్‌కు చెప్పాను. ఆయన విన్నారు. విని, "బాగనే ఉంది సార్. మరి దొంగను పట్టుకోవద్దా? పోయినోళ్ళ ఏడుపు యెవరు ఇనాలె?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. పట్టుకోవాలి. శిక్ష యెంత పెద్దదన్న దానికంటే, పట్టుబడటం తప్పదన్న నమ్మకమే మనిషిని వెనక్కు లాగుతుందని ఇటలీలో బెక్కారియా 1764లోనే రాశాడు. తరువాతి పరిశోధనలు మొత్తంమీద ఆ మాటనే బలపరిచాయి. నేను చెప్పేదీ అదే. అలవాటైన గుమ్మం దగ్గర వెతికినంతసేపూ అసలు దొంగ హాయిగా నడిచిపోతాడు. 2022 చివరికి మన దేశపు జైళ్ళలో వున్నవారిలో నూటికి సుమారు 76 మంది యింకా విచారణలో వున్నవారే. వాళ్ళ నేరం రుజువు కాలేదు. వారిలో అసలు దొంగ యెవరో, అలవాటైన గుమ్మం మనిషి యెవరో తేల్చవలసినది సాక్ష్యం, పుట్టుక కాదు.

"అయినా హెడ్ సాబ్, ఆ రోజు వచ్చినవారు అయిదుగురు. మీరూ పేపరుకు వచ్చారు. మిమ్మల్ని మేము అడగలేదే!" అన్నాను నవ్వుతూ. ఆయన ఒక్క క్షణం నావంక చూసి, ఫక్కున నవ్వి, "అడగుండ్రి మరి!" అన్నారు. ఆ నవ్వులోనే తేడా అంతా వుంది. ఆయనను అడిగితే హాస్యం అవుతుంది. ఆ పిల్లవాణ్ణి అడిగితే హాస్యం కాలేదు.

మా బావమరది కొడుకును కూడా యెవరూ అడగలేదు. "వాడెందుకు తీస్తాడు, మన పిల్లవాడు," అన్నది మా ఆవిడ. నేను తరగతిలో తెనాలి రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యం చెబుతూ వుంటాను. అందులో యింట్లో నగానట్రా మూటగట్టుకొని, కన్నతోడు ముక్కరతో సహా రాత్రికి రాత్రే వుడాయించిన నిగమశర్మ యే తండావాడు? వేదం చదువుకొన్న వంశపు బిడ్డ. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్ళు వూరికే అనలేదు. అట్లాగని మా పిల్లవాడు తీశాడని నేననటం లేదు. తీయలేదనే అనుకొంటాను. ఆ మాత్రపు అనుకోవటం ఆ తండా పిల్లవాడి విషయంలో నాకెందుకు కలగలేదా అని అడుగుతున్నాను.

దీపావళి వెళ్ళాక ఒక ఆదివారం తండాకు పోయాను. తల్లిదండ్రులు అప్పటికే చెరకు కోతకు వెళ్ళిపోయారు. పిల్లవాడు పొయ్యి ముందు కూర్చొని చెల్లెలికి జొన్నరొట్టె కాలుస్తున్నాడు. నన్ను చూసి గబగబా లేచి మంచం వాల్చాడు. "ఇంటికి రావటం లేదేం?" అన్నాను. "పరీక్షలున్నయ్ సార్," అన్నాడు. ఎంతసేపని పరీక్షల మాట మాట్లాడతాం? చివరకు, "ఆ రోజు హెడ్ సాబ్ నిన్ను అడిగినప్పుడు..." అని మొదలు పెట్టాను.

"మీరేం అనలే గద సార్," అన్నాడు.

పాపం, నన్ను ఓదార్చటానికే అన్నాడు. కాని నా నేరం అదే. నేనేం అనలేదు. "అనవలసింది బాబూ. నేను అక్కడే వున్నాను. ఒక్క మాట అనవలసింది. తప్పు నాది," అన్నాను. వాడు పొయ్యిలోకి చూస్తూ వూరుకొన్నాడు. నిఘంటువు వాడి దగ్గరే వుంచి వచ్చాను.

పది రోజుల తరువాత వచ్చాడు. మా ఆవిడ గుమ్మంలోకి ఎదురు వెళ్ళి, "లోపలికి రా నాయనా," అని పిలిచింది. వచ్చాడు, కూర్చొన్నాడు, చాయ్ తాగాడు. ఇదివరకు పుస్తకాల సంచీ భుజాన వేసుకొనే లోపలికి వచ్చేవాడు. ఈసారి దాన్ని బయట అరుగు మీద, వీధిలో పోయేవారందరికీ కనబడేటట్లు పెట్టి, వొట్టి చేతులతో వచ్చాడు. ఇప్పటికీ అట్లాగే వస్తున్నాడు. లోపలికి తెచ్చుకోమని మేమూ అంటున్నాం.

వుంగరం యిప్పటికీ దొరకలేదు. దొరికి వుంటే యీ కథ సుఖంగా ముగిసేది. పిల్లవాడు నిర్దోషి అని తేలిందని అందరం సంతోషించేవాళ్ళం. కాని వుంగరం దొరికితేనే నిర్దోషి కావలసిన అవసరం వాడికి యెందుకుండాలి? మిగిలిన నలుగురికీ ఆ అవసరం లేదు కదా.

మీ యింట్లో యేదైనా పోతే – పోకూడదనే నా కోరిక – ముందు ఒక కాగితం తీసుకొని ఆ రోజు వచ్చినవారి పేర్లన్నీ రాయండి. పక్కనే, మీరు అడగదలచుకొన్నవారి పేర్లు రాయండి. రెండు జాబితాలూ ఒకటైతే మంచిదే. ఠాణాకు వెళ్ళి రాయించండి. ఒకటి కాకపోతే మాత్రం, అడగటానికి బయలుదేరే ముందు ఆ కాగితం యింకొకసారి చదువుకోండి. మా యింట్లో ఆ కాగితం నేను రాసేటప్పటికి ఆలస్యమైపోయింది.